చన్నీళ్ళు మింగితే ఛాతీలో పట్టేస్తోందా?



ఎండలు ముదిరే కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు వడదెబ్బ, చెమటకాయలు, నీళ్ళ విరేచనాల గురించే ఉంటాయి. ఈసారి వచ్చిన వాటిలో ఒక సహోదరి ఉత్తరాన్ని మాత్రం ప్రక్కకు తీసి పెట్టుకున్నాను. ఆమె పేరు, ఊరు వ్రాయను. ఈ నెల మనకున్న స్థలమంతా ఆమె సంగతికే కేటాయిస్తున్నాను.

ఆమెకు సుమారు నలభై యేళ్ళు, వ్యవసాయ కుటుంబం. కిందటి వేసవిలో ఒకరోజు పొలం నుండి వచ్చి ఫ్రిజ్‌లోని నీళ్ళ సీసా ఎత్తి గటగట త్రాగిందట. వెంటనే రొమ్ము ఎముక వెనుక ఎవరో గుప్పిట పట్టి పిండినట్లయింది. ఆ నొప్పి వీపులోకి ప్రాకింది. నాలుగైదు నిముషాలకు సర్దుకుంది. అప్పటి నుండి చల్లని నీళ్ళు, కూల్‌డ్రింకు, ఐసు వేసిన మజ్జిగ ఏది త్రాగినా అదే బాధ. గుండెపోటేమోనని పట్నం తీసుకువెళ్ళి ఈసీజీ తీయించారు. గుండెకేమీ లేదన్నారు. ఇరుగుపొరుగు వారు గ్యాస్ అన్నారు. ఆర్.ఎం.పి. గారు గ్యాస్ మాత్రలే ఇచ్చారు.

ఇంతవరకు మామూలు ఉత్తరమే. చివరి నాలుగు పంక్తులు మాత్రం మామూలువి కావు. రాను రాను అన్నం ముద్ద కూడా ఛాతీలో నిలబడి పోతోందట. ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముక్క దిగక, అందరి ముందు పొలమారి, బయటకు వెళ్ళవలసి వచ్చిందట. అయోగ్యముగా పుచ్చుకున్నందుకే ఇలా జరిగిందని ఇంట్లో పెద్దవారు అన్నారట. మూడు నెలలుగా ఆమె బల్లకు వెళ్ళడం లేదు. “వారు చెప్పింది నిజమేనా డాక్టరు గారూ?” అని అడిగింది.

నిజం కాదమ్మా. ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు నీ ఛాతీలో ఏమి జరుగుతోందో చెప్పనివ్వు.

గొంతు నుండి కడుపు వరకు ఉన్న గొట్టాన్ని అన్నవాహిక అంటారు. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అది గుండెకు సరిగ్గా వెనుకగా దిగుతుంది. తూము గుండా నీరు జారినట్లు ఆహారం దానిలో తనంతట తాను జారిపోతుందని అనేకులు అనుకుంటారు. అలా కాదు. దాని గోడ అంతా కండరమే. మనం గుటక వేయగానే పైనుండి క్రిందికి ఒక అల బయలుదేరి, ముద్దను నెట్టుకుంటూ ఎనిమిది, పది సెకన్లలో కడుపులోకి చేరుస్తుంది. ఈ అల ఉన్నందుననే తలక్రిందులుగా ఉన్నా మింగగలం. (పిల్లలు ఇది చదివి ప్రయత్నం చేయవద్దు.) అడుగున బిగుసుకొని ఉండే ఒక ద్వారము ఉంది. గుటక వేసినప్పుడు అది తెరుచుకుంటుంది, ఆహారం దిగాక మూసుకుంటుంది. మూసుకోకపోతే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతుంది.

చల్లదనం ఆ అలను మందగింపజేస్తుంది. ఆరోగ్యవంతులలో కూడా ఇది జరుగుతుంది. పైగా మనం ఒక గుటక మీద మరొక గుటక వేస్తుంటే, కొత్త గుటక పాత అలను ఆపివేస్తుంది. అందుచేత ఎండన పడి వచ్చి మంచులాంటి నీళ్ళు ఎడతెగకుండా త్రాగినప్పుడు, ఆ నీరు కొద్దిసేపు అన్నవాహిక అడుగున నిలిచి దాన్ని సాగదీస్తుంది. ఛాతీలో పట్టేసినట్లు అనిపించేది అందుకే. కూల్‌డ్రింకులో చల్లదనంతో పాటు గ్యాసు, పులుపు కూడా ఉంటాయి గనుక బాధ ఎక్కువవుతుంది. ఎప్పుడో ఒకసారి ఇలా వచ్చి అర నిముషంలో పోయి, తిండి దగ్గర ఏ ఇబ్బందీ లేకపోతే దాన్ని జబ్బు అనరు. నిదానించి, కూర్చొని, చిన్న చిన్న గుటకలుగా త్రాగితే చాలు. ఫ్రిజ్ నీళ్ళ కంటే కుండ నీళ్ళు మేలు.

అయితే పదే పదే వస్తుంటే మాత్రం దాన్ని గ్యాస్ అని తేల్చేయకూడదు. మన ఊళ్ళలో మెడ క్రింద నుండి బొడ్డు వరకు ఏ నొప్పి వచ్చినా గ్యాసే. ఆ ఒక్క మాట చాటున ఎన్ని జబ్బులు దాగుతాయో ఆసుపత్రిలో కూర్చున్న మాకు తెలుసు.

మొదటిది గుండె. అన్నవాహిక నుండి, గుండె నుండి నొప్పిని మోసుకుపోయే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోటికి చేరతాయి. అందుచేత రెండు నొప్పులూ ఒకేలా ఉండవచ్చు. నాలుక క్రింద పెట్టుకునే గుండె మాత్ర అన్నవాహిక బిగుసుకుపోవడాన్ని కూడా సడలిస్తుంది. కాబట్టి ఆ మాత్రతో తగ్గింది గనుక గుండె జబ్బే అని చెప్పలేము. అలాగే గ్యాస్ మందుతో తగ్గింది గనుక గుండె కాదని కూడా చెప్పలేము. తేడా మరో చోట ఉంది. గుటకతో వచ్చే నొప్పి ఎక్కువగా అన్నవాహికది. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు, బస్తా ఎత్తినప్పుడు వచ్చి, ఆగితే తగ్గే నొప్పి గుండెది. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, చెమటలు, ఆయాసం ఇవి కలిసి వస్తే పదిహేను నిముషాలు చూద్దామని ఆగవద్దు. 108కి ఫోను చేయండి. షుగరు ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. ఇంకొక మాట. ఒకసారి తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెను పూర్తిగా ప్రక్కన పెట్టకూడదు. మన సహోదరికి నొప్పి గుటకతోనే వస్తున్నది గనుక నా అనుమానం వేరే చోట ఉంది.

పులిత్రేనుపులు, రాత్రి పడుకోగానే ఛాతీలో మంట, ఉదయాన నోరు పుల్లగా ఉండడం ఉంటే ఆమ్లం పైకి తన్ని అన్నవాహిక లోపలి పొర ఒరిసిందని అర్థం. ఒరిసిన చోట చల్లనిది తగిలినా, కారం తగిలినా బాధే. ఇలాంటివారు రాత్రి భోజనం పడకకు రెండు మూడు గంటల ముందే ముగించాలి. మంచానికి తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టి 15 సెంటీమీటర్లు ఎత్తు చేయాలి. తలగడలు పెంచితే లాభం లేదు, మెడ వంగి పొట్ట నొక్కుకుంటుంది. చుట్ట, బీడీ, సారా మానాలి. మాత్రలు వైద్యుడు చెప్పినన్నాళ్ళే వాడాలి.

మాత్రలంటే మరొకటి గుర్తుకు వచ్చింది. డాక్సీసైక్లిన్ బిళ్ళ, నొప్పుల మాత్ర, ఇనుము మాత్ర వంటివి ఒక్క గుటక నీళ్ళతో వేసుకొని వెంటనే మంచమెక్కేవారు మనలో చాలామంది. ఆ బిళ్ళ అన్నవాహిక మధ్యలో అతుక్కుని కరిగి, అక్కడే పుండు చేస్తుంది. మర్నాటికో మూడవనాటికో ఉమ్మి మింగాలన్నా ప్రాణం పోయినట్లుంటుంది. ఏ మాత్ర అయినా నిండు గ్లాసు నీళ్ళతో మింగి, కనీసం అరగంట కూర్చోవాలి. మందు ఇచ్చేవారు ఈ మాట చెప్పరు, మనమూ అడగము.

ఇక అసలు సంగతి. దీన్ని వ్రాయాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ళ క్రితం మా ఆసుపత్రికి ఒకామె వచ్చేది. బక్కచిక్కిన మనిషి. అన్నం తిన్నాక వాంతి, రాత్రుళ్ళు దగ్గు, ఛాతీలో పట్టేయడం. క్షయ ఏమోనని కళ్ళె పరీక్ష చేయించాము. లేదన్నారు. నేను గ్యాస్ మాత్రలు వ్రాసి పంపాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అవే వ్రాశాను. మూడవసారి వచ్చినప్పుడు వరండాలో కూర్చొని ఎవరో ఇచ్చిన చల్లని నీళ్ళు త్రాగుతోంది. సగం గ్లాసు కాగానే లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, నడుము వెనక్కి విరిచి, కళ్ళు మూసుకుని ఉండిపోయింది. కాసేపటికి నీళ్ళు దిగినట్లున్నాయి, మళ్ళీ కూర్చుంది. ప్రక్కన ఉన్న వారెవరూ పట్టించుకోలేదు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ రెండు సార్లూ నేను అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను. ముద్దే కష్టమా, నీళ్ళు కూడానా? రెండూ ఒకటేనండి, చన్నీళ్ళయితే మరీ, వేడి నీళ్ళు త్రాగితే కాస్త జారుతుంది అన్నది. ఆరేళ్ళుగా ఇంతేనట. వాంతిలో ఏమి వస్తుందని అడిగితే, తిన్నది తిన్నట్టే వస్తుంది, పుల్లగా కూడా ఉండదు అన్నది. పుల్లగా లేదంటే ఆ అన్నం కడుపును చేరనే లేదు.

ఆ జబ్బును అకలేషియా అంటారు. అన్నవాహిక గోడలో ఉండే చిన్న చిన్న నరకణాలు నశించిపోతాయి. అల పుట్టదు. అడుగున ఉన్న ద్వారము తెరుచుకోదు. తిన్నది పైన పేరుకొని, ఆ బరువుకే కొద్ది కొద్దిగా కారుతుంది. చల్లనిది తగిలితే ద్వారము ఇంకా బిగుస్తుంది, వెచ్చనిది తగిలితే సడలుతుంది. రాత్రి పడుకున్నప్పుడు పేరుకున్నది గొంతులోకి వచ్చి దగ్గు తెప్పిస్తుంది. ఏడాదికి లక్షమందిలో సుమారు ఒకరికి వచ్చే అరుదైన జబ్బు గనుకనే మాబోటి వైద్యులు కూడా ఏళ్ళ తరబడి పొరబడుతుంటారు. ఆ నరకణాలు ఎందుకు నశిస్తాయో వైద్యశాస్త్రానికి ఇంకా పూర్తిగా అంతు చిక్కలేదు. రోగి చేసిన తప్పు వలన మాత్రం కాదు.

ఈలోగా ఆమె పడిన పాట్లు వేరు. తిన్నది తిన్నట్టే వస్తోంది గనుక ఎవరో మందు పెట్టారన్నారు. మందు కక్కిస్తానన్న వాడొకడు పసరు త్రాగించి, ఏదో నల్లని ముద్ద చూపించి డబ్బు పట్టుకుపోయాడు. అందుకు రెండు మేకలు అమ్మారు. విశ్వాసులమే, ప్రార్థన చేసుకునేవారమే, అయినా మందు పెట్టారనగానే నమ్ముతాము. ఇది నాకు కోపం తెప్పించే విషయం, దాచను.

పెద్ద ఆసుపత్రికి పంపాము. ఎండోస్కోపీ చేశారు. బేరియం అనే సుద్దనీళ్ళ వంటి ద్రవం త్రాగించి ఎక్స్‌రే తీశారు. పైన సంచిలా ఉబ్బి, అడుగున పక్షి ముక్కులా సన్నబడిన నీడ కనిపించింది. ఆపరేషను చేశారు.

ఈ జబ్బుకు వైద్యం కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1674లోనే దీని గురించి వ్రాశాడు. తిమింగలపు ఎముక పుల్లకు స్పాంజి కట్టి, దానితో రోగి తన ఆహారాన్ని తానే క్రిందికి నెట్టుకునేలా నేర్పాడు. 1913లో జర్మనీలో ఎర్న్‌స్ట్ హెల్లర్ ఆ బిగుసుకుపోయిన కండరాన్ని కోసి దారి వదులు చేసే ఆపరేషను చేశాడు. నేటికీ అది ఆయన పేరుతోనే పిలవబడుతుంది. 2008లో జపానులో ఇనోయె అనే వైద్యుడు పొట్ట మీద కోత లేకుండా, నోటి గుండా గొట్టం పంపి లోపలి నుండే ఆ కండరాన్ని కోసే పద్ధతిని మొదలుపెట్టాడు. ఇప్పుడు హైదరాబాదులో కూడా చేస్తున్నారు. బెలూను పంపి ద్వారాన్ని సాగదీసే పద్ధతి కూడా ఉంది. వీటిలో ఏదీ చచ్చిన నరాలను బ్రతికించదు. కాని దారి తెరుస్తుంది. కొందరికి తరువాత ఆమ్లం పైకి తన్నవచ్చు. దానికి మాత్రలున్నాయి.

ఆమె ఆరేళ్ళు అందరి తరువాత, వంటింట్లో గోడవైపు తిరిగి ఒంటరిగా తిన్నది. ఆపరేషను తరువాత వచ్చిన కోత పండుగకు ప్రేమ విందులో బంతిలో కూర్చుంది. వడ్డించేవారు అన్నం పెడుతుంటే చాలు అనలేదు.

సహోదరీ, నీకు అకలేషియాయే అని ఉత్తరం చూసి చెప్పలేను. నీవు వ్రాసినదాన్ని బట్టి దాన్ని వెతకాలి అని మాత్రం చెప్పగలను. వెతకవలసినది మరొకటి కూడా ఉంది. దాన్ని చెప్పకుండా దాటితే నీకు అన్యాయం చేసినవాడనవుతాను. మొదట ముద్ద దిగకపోవడం, కొన్ని వారాలకు మెతుకు దిగకపోవడం, తరువాత జావ, ఆ తరువాత నీళ్ళు, ఇలా మెట్టు మెట్టుగా దారి మూసుకుపోతుంటే, బరువు తగ్గుతుంటే, అన్నవాహికలో క్యాన్సరు ఉందేమో చూడాలి. పొగాకు, సారా అలవాటున్న వారిలో, వయసు మళ్ళిన వారిలో ఇది ఎక్కువ. తొందరగా పట్టుకుంటే చేయగలిగింది ఉంటుంది. నీకు మొదటి నుండి నీళ్ళే కష్టమయ్యాయి గనుక ఆ భయం తక్కువ. అయినా ఎండోస్కోపీ తప్పదు. అది పది నిముషాల పని. సన్నని గొట్టం నోట్లో పంపి చూస్తారు, కొంచెం ఓకరింపు వస్తుంది, అంతే.

వేడి నీళ్ళతో ఉపశమనం ఉందని సలసల కాగేవి త్రాగవద్దు. 65 డిగ్రీలకు మించిన వేడితో త్రాగే పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు బహుశా కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. వేలు పెట్టి ఓర్చుకోగలిగినంత వెచ్చదనం చాలు.

రక్తహీనత ఉన్న స్త్రీలలో కొందరికి గొంతు దగ్గరే సన్నని పొర ఏర్పడి ముద్ద పట్టేస్తుంది. నీకు ఛాతీలో గనుక అది కాకపోవచ్చు. రక్తపరీక్ష ఎలాగూ చేస్తారు.

వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు గ్యాస్ అని చెప్పవద్దు. జబ్బు పేరు మనం చెబితే వారు ఆ మందే వ్రాస్తారు, నేను వ్రాసినట్లు. ఏది మింగితే వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, నీళ్ళా ముద్దా, రాత్రి దగ్గు ఉందా, తిన్నది తిరిగి వస్తోందా, బరువు ఎంత తగ్గింది, ఇవి చెప్పు. రెండు వారాలు పిల్లల నోటుపుస్తకంలో వ్రాసుకుని తీసుకువెళ్ళు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు వెంట ఉంచుకో. ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోనే అడుగు.

ఇప్పుడు బల్ల సంగతి. మీ ఇంట్లోవారు చూపించిన మాట కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయములోనిది. ఆ అధ్యాయమే 20వ వచనము నుండి చదివి వినిపించమను. అక్కడ పౌలు మందలించినది ఎవరిని? కలిగినవారు ముందుగా వచ్చి తిని త్రాగి మత్తులవుతుంటే, లేనివారు ఆకలితో నిలబడుతున్నారు. ఒకరి కోసం ఒకరు ఆగకుండా తిన్నవారిని ఆయన తప్పుపట్టాడు. గొంతు దిగని దానిని కాదు. పుట్టుగ్రుడ్డివాని చూసి, ఎవడు చేసిన పాపమిది అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఏమన్నాడో యోహాను సువార్త 9వ అధ్యాయములో ఉంది. నేను వైద్యుడనే గాని బోధకుడను కాను. ఈ రెండు అధ్యాయాలు తీసుకొని మీ అయ్యగారి దగ్గరకు వెళ్ళు. ఆయన నాకంటె బాగా చెబుతారు.

సంఘ కాపరులకు కూడా ఒక మనవి. మీ సంఘములో ఇలాంటివారు ఒకరిద్దరు ఉండవచ్చు. వృద్ధులు, పక్షవాతం వచ్చినవారు కూడా రొట్టె మింగలేరు. గింజంత ముక్క చాలు. ద్రాక్షారసములో ముంచి ఇవ్వవచ్చు. ప్రక్కన ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు ఉంచండి. వారు పొలమారితే కంగారుగా వీపు మీద గుద్దకుండా, కొంచెం ముందుకు వంచి దగ్గనివ్వండి. ముక్క ఊపిరికే అడ్డుపడి దగ్గలేక, మాట రాక తల్లడిల్లితే మాత్రం వేరు. అప్పుడు ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో గట్టిగా ఐదుసార్లు కొట్టాలి, సహాయానికి పిలవాలి.

ఈ సహోదరికి విడిగా కూడా జవాబు వ్రాశాను. ఏ ఆసుపత్రికి వెళ్ళాలో అందులో ఉంది. పరీక్షల కాగితాలు వచ్చాక నకలు పంపమన్నాను. అంతవరకు మెత్తని అన్నం, పలుచని పప్పు, కొద్ది కొద్దిగా, నిటారుగా కూర్చొని, మధ్య మధ్య వెచ్చని నీళ్ళతో తినమన్నాను. చీకటి పడకముందే భోజనం ముగించమన్నాను.